డ్యామ్డ్ ఒకే బ్యాండా, నాలుగు బ్యాండ్లా? ముందు ఏ రికార్డు వినాలి?

మీరు అడిగినవి మూడు. యూట్యూబ్‌లో డ్యామ్డ్ పాటలు నాలుగు విన్నారు, నాలుగూ నలుగురు వేర్వేరు మనుషులు చేసినట్టున్నాయి, ఇది నిజంగా ఒకే బ్యాండా? పంక్ అంటే డెబ్బైల్లో వచ్చిన మొరటు, వేగమైన రాక్ సంగీతం కదా, ఇంగ్లండులో దాని మొదటి రికార్డు వీళ్లదే అయితే అందరూ సెక్స్ పిస్టల్స్, క్లాష్ అనే బ్యాండ్ల పేర్లే చెప్తారెందుకు? కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

నాకు ఈ బ్యాండ్ పిచ్చి పాతికేళ్లుగా ఉంది. లండన్లో ఉద్యోగం చేసిన రోజుల్లో కొన్నేళ్లు క్రాయిడన్లో అద్దెకున్నాను. ఆ ఊరు ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది. మొదటి ప్రశ్నకి నా జవాబు: పేరు ఒకటే, బ్యాండ్లు కనీసం నాలుగు. మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా కదలకుండా ఉన్నది గాయకుడు డేవ్ వేనియన్ ఒక్కడే. ఇక పిస్టల్స్‌కి వచ్చినంత పేరు వీళ్లకి రాకపోవడానికీ, యాభై ఏళ్లయినా వీళ్లు ఇంకా స్టేజీ ఎక్కుతుండడానికీ కారణం ఒకటేనని నా నమ్మకం. వీళ్లని ఎవరూ పూర్తిగా సీరియస్‌గా తీసుకోలేదు. వీళ్లూ తీసుకోలేదు.

పేర్లు చూడండి. డ్యామ్డ్ అంటే శాపగ్రస్తులు, నరకానికి పోయేవాళ్లు. డ్రమ్మర్ పేరు రాట్ స్కేబీస్. తెలుగులో చెప్పాలంటే ఎలుక గజ్జి. ఆడిషన్‌కి వచ్చినప్పుడు అతనికి నిజంగానే గజ్జి ఉందట, అదే టైముకి గదిలో ఎలుక కనబడిందట. బేస్ గిటార్ వాయించే రే బర్న్స్ 'కెప్టెన్ సెన్సిబుల్' అయ్యాడు. కెప్టెనూ కాదు, సెన్సిబులూ కాదు. డేవ్ వేనియన్ అసలు పేరు డేవిడ్ లెట్, బ్యాండులోకి రాకముందు అతను చేసిన పని గోతులు తవ్వడం. శ్మశానంలో. మన హరిశ్చంద్రుడి ఉద్యోగానికి దగ్గర చుట్టం. ముఖానికి తెల్ల రంగు, కళ్ల చుట్టూ నలుపు, ఒంటిమీద నల్లకోటు వేసుకుని రక్తపిశాచిలా స్టేజీ ఎక్కేవాడు. తర్వాత గోత్ అని ఒక సంగీతమూ, ఒక వేషమూ వచ్చాయి కదా, ఆ వేషానికి దారి చూపినవాళ్లలో ఇతనొకడు.

ఇప్పుడు క్రాయిడన్ సంగతి. మన తెలుగు ఐటీ కుర్రాళ్లు చాలామంది దిగే ఈస్ట్ క్రాయిడన్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఫెయిర్‌ఫీల్డ్ హాల్స్ అనే పెద్ద కచేరీ భవనం ఉంది. కెప్టెన్, రాట్ ఇద్దరూ బ్యాండుకి ముందు అక్కడ పనిచేశారు. కెప్టెన్ మరుగుదొడ్లు కడిగేవాడు. నేను ఆ భవనం ముందు నుంచి రోజూ ఆఫీసుకి వెళ్తూ ఏడాది దాటాక ఈ సంగతి తెలుసుకున్నాను. ఆ రోజు ట్రెయిన్ వదిలేసి కాసేపు దాని ముందు నిలబడ్డాను, చూడ్డానికి ఏమీ లేకపోయినా.

ఈ ముగ్గురికీ దిశ చూపించినవాడు నాలుగోవాడు, గిటారిస్టు బ్రయన్ జేమ్స్. అమెరికాలో స్టూజెస్, ఎంసీ ఫైవ్ అని రెండు మొరటు బ్యాండ్లుండేవి. ఇంగ్లండులో అవి ఎవరికీ పెద్దగా పట్టని రోజుల్లోనే ఇతనికి అవంటే ప్రాణం. లండన్ ఎస్ఎస్ అనే ఒక బ్యాండులో, స్టేజీ ఎక్కకుండానే పోయిన బ్యాండది, తర్వాత క్లాష్‌లో చేరిన మిక్ జోన్స్‌తో కలిసి ప్రాక్టీసు చేశాడు. పాటలు అప్పటికే అతని దగ్గర ఉన్నాయి. 1976 జులై 6న లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని 100 క్లబ్‌లో సెక్స్ పిస్టల్స్‌కి ముందు వాయించే బ్యాండుగా డ్యామ్డ్ మొదటి షో జరిగింది.

తర్వాత అన్నీ వీళ్లే ముందు. అక్టోబరు 22న స్టిఫ్ అనే చిన్న కంపెనీ 'న్యూ రోజ్' సింగిల్, అంటే వైపుకో పాట ఉండే చిన్న రికార్డు, విడుదల చేసింది. బ్రిటిష్ పంక్ బ్యాండ్ తెచ్చిన మొదటి సింగిల్ అదే. పిస్టల్స్ మొదటి సింగిల్ నవంబరు 26న వచ్చింది, అంటే ఐదు వారాల తర్వాత. 1977 ఫిబ్రవరి 18న డ్యామ్డ్ మొదటి ఆల్బమ్ వచ్చింది, అదీ మొదటిదే. క్లాష్ ఆల్బమ్ ఏప్రిల్‌లో, పిస్టల్స్ ఆల్బమ్ అక్టోబరు చివర్లో. ఆ ఏప్రిల్‌లోనే అమెరికా వెళ్లి వాయించిన మొదటి బ్రిటిష్ పంక్ బ్యాండూ వీళ్లే. న్యూయార్క్‌లో సీబీజీబీ అనే క్లబ్‌లో వాయించారు.

రికార్డు చేసిన చోటు ఇస్లింగ్టన్‌లోని పాత్‌వే స్టూడియో. ఎనిమిది ట్రాకుల చిన్న గది. ప్రొడ్యూసర్ నిక్ లో ఆ శబ్దానికి నగిషీలు చెక్కలేదు, ఎలా వాయిస్తే అలా పట్టాడు. ఆల్బమ్ మొత్తం అరగంటకి అటూ ఇటూ. నా దృష్టిలో ఆ రికార్డు బలమంతా రాట్ డ్రమ్స్‌లో ఉంది. మిగతా పంక్ డ్రమ్మర్లు తాళం కొడుతుంటే ఇతను దొర్లించేవాడు, ప్రతి నాలుగు దెబ్బలకీ పీట మీంచి పడిపోతాడేమో అన్నట్టు. సింగిల్ రెండో వైపు బీటిల్స్ పాట 'హెల్ప్'ని రెట్టింపు వేగంతో పరిగెత్తించారు. పాత తరం మీద గౌరవం లేదని చెప్పడానికా, ఉందని చెప్పడానికా అంటే నేను రెండోదే అంటాను. వీళ్లకి అరవైల పాటలంటే ఎంత ఇష్టమో తర్వాత బయటపడింది.

మరి పేరెందుకు రాలేదు? ముందు వచ్చిన చెవుల కంటే వెనక వచ్చిన కొమ్ములు వాడి అంటారుగా. 1976 డిసెంబరు 1న సెక్స్ పిస్టల్స్ సాయంత్రం టీవీ కార్యక్రమంలో బూతులు మాట్లాడారు. తెల్లారేసరికి అన్ని పత్రికల మొదటి పేజీల్లోనూ వాళ్లే. ఆ నెలలోనే పిస్టల్స్, క్లాష్, డ్యామ్డ్, అమెరికా నుంచి వచ్చిన హార్ట్‌బ్రేకర్స్ కలిసి దేశం తిరగాలి. ఊరూరా కౌన్సిళ్లు షోలు రద్దు చేశాయి. ఆ గొడవ మధ్యలో డ్యామ్డ్‌ని టూరు నుంచి పంపించేశారు. పిస్టల్స్ మేనేజర్ మాల్కమ్ మెక్‌లారెన్‌కి ఒక కథ కావాలి, ఆ కథలో పోటీదారుకి చోటు లేదు. క్లాష్ దగ్గర రాజకీయం ఉంది, నిరుద్యోగం మీద, జాతివివక్ష మీద మాట్లాడతారు. పత్రికలవాళ్లు వ్యాసం రాసుకోవడానికి సిద్ధంగా ఒక సిద్ధాంతం దొరుకుతుంది. డ్యామ్డ్‌ని ఇంటర్వ్యూకి పిలిస్తే ఏం దొరుకుతుంది? మొదటి ఆల్బమ్ అట్ట మీద నలుగురూ ముఖాలకి కేకు, క్రీము పూసుకుని నవ్వుతుంటారు. అదే వాళ్ల సిద్ధాంతం.

ఆ అట్ట వెనక వైపు కథ ఇంకా బాగుంటుంది. మొదట అమ్మిన కొన్ని కాపీల వెనక డ్యామ్డ్ ఫొటోకి బదులు ఎడ్డీ అండ్ ద హాట్ రాడ్స్ అనే వేరే బ్యాండ్ ఫొటో పడింది. పొరపాటుకి చింతిస్తున్నాం అని చిన్న స్టిక్కరు కూడా అంటించారు. పొరపాటూ కాదు, పాడూ కాదు. జనం ఎగబడి కొంటారని స్టిఫ్ వాళ్లు కావాలనే వేసిన ఎత్తు. నేనూ పడ్డాను ఆ గోతిలో, ముప్ఫై ఏళ్లు ఆలస్యంగా. ఒక షాపులో అసలు మొదటి కాపీ అని చెప్పి తర్వాత ఎప్పుడో వేసిన కాపీ అంటగట్టారు. ఇంటికొచ్చి చూసుకుంటే స్టిక్కరు కూడా అట్ట మీద అచ్చేసి ఉంది.

ఇక రెండో ఆల్బమ్. 1977 నవంబరులో వచ్చిన 'మ్యూజిక్ ఫర్ ప్లెజర్'. పింక్ ఫ్లాయిడ్ పాత నాయకుడు సిడ్ బారెట్ తమ రికార్డుకి ప్రొడ్యూసర్‌గా రావాలని వీళ్ల కోరిక. అతను అప్పటికే లోకానికి దూరంగా ఉన్నాడు. వచ్చింది అదే బ్యాండ్ డ్రమ్మర్ నిక్ మేసన్. పంక్ వాళ్లు బహిరంగంగా తిట్టిపోసే బ్యాండులోని మనిషి! రెండో గిటారిస్టుగా లూ ఎడ్మండ్స్ చేరాడు, ఒక పాటలో జాజ్ శాక్సఫోన్ కూడా ఉంది. ఇవేవీ తప్పు కాదు. అసలు లోపం, తొమ్మిది నెలల్లో ఇంకో ఆల్బమ్ కావాలంటే బ్రయన్ దగ్గర అన్ని పాటలు లేవు. రికార్డు చార్టుల్లోకే, అంటే అమ్మకాల జాబితాల్లోకే, రాలేదు. రాట్ వెళ్లిపోయాడు. అతని చోట కొన్నాళ్లు వాయించిన జాన్ మాస్ తర్వాత కల్చర్ క్లబ్ అనే పాప్ బ్యాండులో పెద్ద స్టారయ్యాడు. స్టిఫ్ వదిలేసింది. 1978 ఫిబ్రవరిలో బ్యాండ్ విడిపోయింది. మొదటి షోకీ దీనికీ మధ్య రెండేళ్లు కూడా లేవు. అప్పటికి నెల ముందే పిస్టల్స్ కూడా విడిపోయారు. కథ అక్కడితో ఆగి ఉంటే ఇవాళ డ్యామ్డ్ పేరు కూడా టీ షర్టుల మీద ఉండేది.

ఆగలేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇక్కడే మొదలవుతుంది. 1978 సెప్టెంబరులో రాట్, కెప్టెన్, వేనియన్ ముగ్గురూ ఒక రాత్రి సరదాగా కలిసి వాయించారు. బేస్ వాయించడానికి వచ్చింది మోటార్‌హెడ్ అనే బ్యాండ్ నాయకుడు లెమ్మీ. పాత పేరు వాడితే హక్కుల గొడవ వస్తుందేమోనని కొన్ని షోలు 'డూమ్డ్' అనే పేరుతో చేశారు. ఆ తర్వాత పాత పేరే వాడుకున్నారు. నా లెక్కలో రెండో బ్యాండ్ ఇదే. బ్రయన్ మాత్రం తిరిగి రాలేదు, తర్వాత లార్డ్స్ ఆఫ్ ద న్యూ చర్చ్ అనే వేరే బ్యాండ్ పెట్టుకున్నాడు.

పాటల్లో చాలావరకు రాసినవాడు వెళ్లిపోతే బ్యాండ్ బతకడం కష్టం. వీళ్ల విషయంలో తిరగబడింది. కెప్టెన్ అసలు గిటారు మనిషి, డ్యామ్డ్ కోసం బేస్ పట్టుకున్నాడంతే. ఇప్పుడు బేస్ వదిలేసి గిటారు అందుకున్నాడు. సెయింట్స్ అనే ఆస్ట్రేలియా బ్యాండులో వాయించిన ఆల్జీ వార్డ్ బేస్‌కి వచ్చాడు. పాటల కింద ఒకరి పేరు కాకుండా నలుగురి పేర్లూ వేసుకోవడం మొదలుపెట్టారు. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ కాదు. రికార్డు అమ్మితే వచ్చే డబ్బు వేరు, పాట రాసినందుకు ఏళ్ల తరబడి వచ్చే రాయల్టీ వేరు. అది రాసినవాడికే పోతుంది. 1993లో గన్స్ అండ్ రోజెస్ అనే పెద్ద అమెరికా బ్యాండ్ వాళ్లు 'న్యూ రోజ్'ని తమ ఆల్బమ్‌లో పాడుకున్నారు, ఆ పాట రాసింది బ్రయన్ ఒక్కడే. బ్యాండ్లు విడిపోవడానికి అహం అంటారు అందరూ. నేను చూసినంతలో సగం సార్లు ఈ లెక్కే.

1979 నవంబరులో 'మెషీన్ గన్ ఎటికెట్' వచ్చింది. లండన్లోని వెసెక్స్ స్టూడియోలో చేశారు. ఆ రోజుల్లోనే అదే స్టూడియోలో క్లాష్ 'లండన్ కాలింగ్' రికార్డు చేస్తున్నారు. రెండు బ్యాండ్లు ఒకే చోట పంక్ నుంచి బయటికి దారి వెతుక్కుంటున్నాయన్నమాట. క్లాష్ జమైకా సంగీతం రెగే వైపు, పాత రాక్ అండ్ రోల్ వైపు వెళ్లారు. డ్యామ్డ్ కలలో తేలినట్టుండే అరవైల సైకడెలిక్ సంగీతం వైపు వెళ్లారు, ఆర్గన్, పియానో, మధ్యలో గుండె కరిగే ట్యూన్లు. 'లవ్ సాంగ్' సింగిల్ చార్టులో 20వ స్థానానికి వెళ్లింది. 'స్మాష్ ఇట్ అప్' వినండి. అన్నీ పగలగొట్టండి అనే పాట. కానీ దాని ముందు రెండు నిమిషాలు మాటల్లేకుండా గిటారు మెల్లగా సాగుతుంది. 1977లో కారు ప్రమాదంలో చనిపోయిన రాక్ గాయకుడు మార్క్ బోలన్ కోసం కెప్టెన్ కట్టిన వరస అది. ఆ ఏడాది మార్చిలో బోలన్ వీళ్లని తన టూరుకి తీసుకెళ్లాడు. మిగతా పంక్ వాళ్లు పాత స్టార్లని తిడుతుంటే వీళ్లు ఒక పాత స్టారు బస్సులో ఊళ్లు తిరిగారు.

మరుసటి ఏడాది ఆల్జీ వెళ్లిపోయాడు. అతని చోట బేస్‌కి ఎవరొచ్చారో చెప్తే నవ్వుతారు. పాల్ గ్రే. ఏ బ్యాండ్ నుంచి? ఎడ్డీ అండ్ ద హాట్ రాడ్స్! అట్ట వెనక తప్పు ఫొటో అని స్టిక్కరు వేసిన బ్యాండే. 1980లో వచ్చిన 'ద బ్లాక్ ఆల్బమ్' రెండు రికార్డుల సెట్టు. అందులో ఒక వైపంతా ఒకే పాట, 17 నిమిషాలు. మూడు నిమిషాల్లో ముగించడమే మతం అనుకున్న పంక్ వాళ్లకి అది ద్రోహమే. 'హిస్టరీ ఆఫ్ ద వరల్డ్' అనే పాటకి పనిచేసిన వాళ్లలో హాన్స్ జిమ్మర్ అనే కుర్రాడున్నాడు. అవును, సినిమా సంగీతం చేసే ఆ హాన్స్ జిమ్మరే, ఇంకా సినిమాల్లో పేరు రాని రోజుల్లో. రికార్డు మీద అతని పనిని 'ఓవర్ ప్రొడక్షన్' అని వేశారు, వేళాకోళంగా.

1982లో ఒక వింత. కెప్టెన్ సొంతంగా ఒక పాట పాడాడు, 'హ్యాపీ టాక్'. 'సౌత్ పసిఫిక్' అనే పాత అమెరికన్ సంగీత నాటకంలోది. బ్రిటిష్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. ఎర్ర టోపీ, రంగు కళ్లజోడు పెట్టుకుని, పిల్లలు కూడా గుర్తుపట్టే మనిషైపోయాడు. ఒక కాలు పిల్లల టీవీలో, ఒక కాలు డ్యామ్డ్‌లో. అలా ఎన్నాళ్లు సాగుతుంది? 1984లో బ్యాండ్ వదిలేశాడు.

తర్వాతది మూడో బ్యాండ్. వేనియన్ ముందుకొచ్చాడు, కోరలు దాచుకున్న జమీందారు వేషంలో. ఎంసీఏ అనే పెద్ద కంపెనీ, పెద్ద బడ్జెట్టు. 1985లో 'ఫాంటాస్మగోరియా' 11వ స్థానం దాకా వెళ్లింది. 1986లో 'ఎలోయిజ్' 3వ స్థానానికి, వాళ్లకి అంత పెద్ద హిట్ ముందూ లేదు, తర్వాతా లేదు. అది సొంత పాట కాదు, 1968లో బారీ రయన్ పాడిన హిట్. మీరు విన్న నాలుగింటిలో ఒకటి ఇదేనని పందెం. వేనియన్ గొంతు ఎంత పెద్దదో తెలియాలంటే వినాల్సిందే గానీ, ఆ కాలం రికార్డులు నాకు సెంటు ఎక్కువైన పెళ్లి హాలులా అనిపిస్తాయి. నచ్చేవాళ్లు లక్షల్లో ఉన్నారు, కొట్టకండి.

1980ల చివరి నుంచి పదేళ్లు కలవడం, విడిపోవడం, వీడ్కోలు టూర్లు, మళ్లీ టూర్లు. 1995 ఆల్బమ్ విషయంలో వేనియన్‌కీ రాట్‌కీ చెడింది. రాట్ దూరమయ్యాడు, 1996లో కెప్టెన్ వెనక్కి వచ్చాడు. ఒకరు లోపలికొస్తే ఇంకొకరు బయటికి. ఉమ్మడి కుటుంబంలో ఆస్తి తగాదాలు చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

నాలుగో బ్యాండ్ వేనియన్, కెప్టెన్ల ఉమ్మడి. 2001లో 'గ్రేవ్ డిజార్డర్' వచ్చింది, దాన్ని వేసింది ఆఫ్‌స్ప్రింగ్ అనే అమెరికా పంక్ బ్యాండ్ గాయకుడు డెక్స్టర్ హాలండ్ కంపెనీ. వీళ్ల పాటలు వింటూ పెరిగిన పిల్లలే వీళ్లకి యజమానులయ్యారు. 2018లో 'ఈవిల్ స్పిరిట్స్' ఆల్బమ్‌కి డేవిడ్ బోవీ రికార్డులు చేసిన టోనీ విస్కాంటి ప్రొడ్యూసర్. ఖర్చులకి అభిమానుల నుంచే చందాలు తీసుకున్నారు. అది 7వ స్థానానికి చేరింది. పదిలోపు స్థానం ఒక్క డ్యామ్డ్ ఆల్బమ్‌కైనా రావడానికి 42 ఏళ్లు పట్టింది! చింత చచ్చినా పులుపు చావలేదంటే ఇదే. ఆ రికార్డులో బేస్ ఎవరనుకున్నారు? పాల్ గ్రే. తిరిగొచ్చాడు.

2022 శరదృతువులో మొదటి నలుగురూ, వేనియన్, కెప్టెన్, రాట్, బ్రయన్, ఇంగ్లండు, స్కాట్లండులలో కొన్ని షోలు చేశారు, మొదటి రెండు ఆల్బమ్‌ల పాటలే. కోవిడ్ వల్ల ఏడాదికి పైగా వాయిదాపడిన షోలవి. ఆ తర్వాత రాట్ మళ్లీ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. 2025 మార్చి 6న బ్రయన్ జేమ్స్ చనిపోయాడు, 70 ఏళ్లు. ఆ వార్త చదివి నేను మొదటి ఆల్బమ్ తీసి పెట్టాను. పన్నెండు పాటల్లో ఎక్కువ భాగం అతనొక్కడే రాసినవని తెలుసు గానీ, ఆ రోజు అట్ట వెనక పేర్లు చదువుతుంటే అది వేరేలా తగిలింది.

ఇక మీ మూడో ప్రశ్న. 'మెషీన్ గన్ ఎటికెట్'తో మొదలుపెట్టండి. మొదటి ఆల్బమ్‌తో కాదు. ముందు అది వింటే మిగతావన్నీ దానికి ద్రోహంలా వినిపిస్తాయి. మూడోది ముందు వింటే వెనక్కీ ముందుకీ రెండు దారులూ తెరుచుకుంటాయి. తర్వాత 'న్యూ రోజ్' ఒక్కటి పెద్ద శబ్దంతో, ఇయర్‌ఫోన్లలో కాకుండా గదిలో స్పీకర్లలో. ఆ డ్రమ్స్‌కి గాలి కావాలి. అది పట్టేస్తే మొదటి ఆల్బమ్ అంతా వినండి. మెల్లగా 'బ్లాక్ ఆల్బమ్', ఆ 17 నిమిషాల పాటని మాత్రం ఆదివారం మధ్యాహ్నానికి వాయిదా వేసుకోండి. 1982 నాటి 'స్ట్రాబెర్రీస్' ఎవరూ చెప్పరు గానీ బాగుంటుంది. ఎనభైల ఎంసీఏ రికార్డులు మీకు నచ్చుతాయో లేదో 'ఎలోయిజ్' మొదటి నిమిషంలోనే తేలిపోతుంది.

'మ్యూజిక్ ఫర్ ప్లెజర్' కొనాలా వద్దా అంటే నేను సరైన మనిషిని కాను. రెండుసార్లు అమ్మేశాను, మూడుసార్లు కొన్నాను.